ఎనిమిదో మైకు

మొదటి కాగితం. ఆషాఢ శుద్ధ తదియ.

చినత్తకి కోడలు దాలమ్మ దండాలు.

ముందు నా రాతకి మన్నించాలి. నాలుగో తరగతితో ఆగిపోయిన చెయ్యి. ఒత్తులు పడాల్సిన చోట పడవు, వరస కుడివైపుకి వెళ్లేకొద్దీ కిందికి జారిపోతుంది. మంచి కాగితం కూడా దొరకలేదు. మన రికార్డింగు గదిలో మైకుల గొంతులు పట్టే కార్డుతోపాటు వచ్చిన పాత పుస్తకం ఉంది కదా, మనలో ఎవరికీ చదవడం రానిది, దాని కాగితాల వెనకవైపు రాస్తున్నాను. తిప్పి చూస్తే మీకు కార్డు బొమ్మ కనిపిస్తుంది. మైకు వైర్లు గుచ్చే ఎనిమిది నోళ్లూ వరసగా ఉంటాయి, ఒక్కదానికీ తుప్పు లేదు.

నోటితో చెప్పి పంపవచ్చు కదా అనుకుంటారేమో. వైరు మీద వచ్చిన గొంతు నాదేనని మీరెలా నమ్ముతారు? ఎవరి గొంతునైనా మెషీన్లు చేసేస్తున్నాయి. ఈ వంకర అక్షరాలు తయారు చేయాలని మాత్రం ఎవరికీ పుట్టదు. వచ్చే పక్షంలో ఉప్పుబండి కొండమీదికి, మీ దగ్గరికి బయలుదేరుతుంది. అప్పటిదాకా కాస్త కాస్త రాసి దాస్తాను.

పనులన్నీ మీరు నేర్పినట్టే సాగుతున్నాయి. పొద్దున్నే కప్పెక్కి సోలారు పలకల మీద పేరుకున్న ఉప్పు తుడుస్తాను. గుడ్డ పిండిన నీళ్లు పారబోయను, మర్నాటికి దాస్తాను. తర్వాత కార్డుని పెట్టెలోంచి తీసి, ఎనిమిది నోళ్లనీ స్పిరిట్ తడిపిన కుంచెతో రుద్దుతాను. సముద్రం మీదికి వచ్చి ఏడుగట్ల చుట్టూ నిలబడ్డ దగ్గర్నుంచి ఉప్పు పట్టని వస్తువు లేదు, కార్డు మాత్రం ఎలా తప్పించుకుంటుంది? ఎనిమిదో నోటి దగ్గర పచ్చగా పొక్కులు లేచాయి. ఎంత రుద్దినా పోవడం లేదు. మా ఆయనకి చూపించాను. చూసి, సరేలే అని పెట్టె మూసేశారు.

ఇవాళ చిట్టినాయుడు వచ్చాడు. చనిపోయిన సన్నాసమ్మకి అన్న కొడుకు. వానతొట్టిలో ఆవిడ నీటివాటా తనకే రావాలని వినికిడి కచేరీలో ఫిర్యాదు పెట్టాడట. సన్నాసమ్మ మీకు తెలుసు. పారమ్మని మీరు చూసి ఉండరు. పదకొండేళ్ల కిందట మునిగిన ఊళ్ల పడవలోంచి ఎనిమిదేళ్ల పిల్లగా దిగింది, సన్నాసమ్మే పెంచింది. రక్తసంబంధం లేదు. వాటా లేకపోతే నెల తిరక్కుండా గట్టు దిగి ఉప్పుదిబ్బల మీది గుడారాలకి వెళ్లిపోవాలి. అక్కడి నీళ్లు తాగి ఎందరు తిరిగొచ్చారో మీకు నేను చెప్పక్కర్లేదు.

సన్నాసమ్మ వాటా రికార్డు జ్యేష్ఠంలో మన గదిలోనే జరిగింది. చిట్టినాయుడు గడప దగ్గర నిలబడి నవ్వుతూనే అన్నాడు.

"ఏటే కోడలా, ఆ పీట మీద కూకుని నిద్దరోనావేటి? ముసిల్ది వాటా ఎవులికిచ్చిందో దాని మైకులోన పడనేదు. ఇంక నీదే మిగిలింది."

నేను తల వంచుకుని లోపలికి వచ్చేశాను.

రెండో కాగితం. శుద్ధ పంచమి.

ఆ రోజు సంగతి మీకు రాయాలి.

సన్నాసమ్మని మంచంతోనే మోసుకొచ్చారు. మిట్టమధ్యాహ్నం, ఎండ బాగా కాసి కరెంటు నిలకడగా ఉన్న వేళ. పద్ధతి ప్రకారం ఆవిడకి ఒక మైకు, ఆవిడ తరఫు ముగ్గురికి మూడు, ఎదటి తరఫు ముగ్గురికి మూడు. ఎనిమిదోది నాది. ఆవిడ మంచానికి ఎడమవైపు, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరలో నా పీట.

పెళ్లయి వచ్చిన మూడో రోజున మీరు నన్ను ఆ పీట మీద కూర్చోబెట్టి చెప్పిన మాటలు ఒక్కటీ మర్చిపోలేదు. కదలకూడదు. దగ్గకూడదు. నిన్ను పేరు పెట్టి పిలిచినా పలకకూడదు. విన్నది కచేరీ అడిగేదాకా గడప దాటించకూడదు. పీట మీది మనిషి కదిలితే ఆ రికార్డు చెల్లదు. ఎందుకని నేనడిగితే, మీరు నా చేత ఒక్కొక్క మైకే విడిగా వినిపించారు. అప్పుడు తెలిసింది. ఒకరి గొంతు పక్కవాళ్ల మైకులో కూడా కొంచెం పడుతుంది, కొంచెం ఆలస్యంగా పడుతుంది. దాన్ని మీరు పొరుగు చప్పుడు అన్నారు. గొంతుని మెషీన్ చేత చేయించవచ్చు గానీ, ఒకే కార్డు, ఒకే గడియారం మీద ఎనిమిది మైకుల్లో పడిన పొరుగు చప్పుడుని ఎవరూ కుదర్చలేరు. ఎనిమిదో మైకులో మాట్లాడే మనిషి ఉండదు కాబట్టి అందులో ఉన్నదంతా పొరుగు చప్పుడే. తగువొస్తే కచేరీ ముందుగా విప్పేది దాన్నే.

సన్నాసమ్మ మొదట బాగానే చెప్పింది. తన పేరు, తండ్రి పేరు, తొట్టిలో తన వాటా ఎంతో. "ఆ వాటా..." అంది. అక్కడ గొంతు ఆగింది. అందరూ ముందుకి వంగారు. ఆవిడ తన మైకు వైపు కాకుండా తల ఎడమకి తిప్పి, నా కళ్లలోకి చూసి, పెదాలు కదిపింది. నేను విన్నాను. గదిలో ఇంకెవరూ వినలేదు. ఆ తర్వాత ఆవిడ నోట మాట రాలేదు. తొమ్మిదో రోజున పోయింది.

అందరూ ఒకటే అనుకున్నారు. పారమ్మ పేరు ఎనిమిదో మైకులో భద్రంగా ఉందని.

మూడో కాగితం. శుద్ధ షష్ఠి.

ఆ రోజు నావల్ల ఒక తప్పు జరిగింది. సన్నాసమ్మ నా వైపు తిరిగిన తర్వాత నాకు దగ్గు వచ్చింది. అణచుకున్నాను గానీ చిన్న చప్పుడు బయటికి వచ్చేసింది. ఎవరూ గమనించలేదు. ఇప్పుడు తగువొచ్చింది కాబట్టి, ఆ దగ్గు వల్ల రికార్డు కొట్టేస్తారేమోనని భయం పట్టుకుంది. ఇవాళ మా ఆయన తొట్టి మరమ్మతుకి వెళ్లినప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎనిమిదోది విన్నాను.

దగ్గు లేదు.

ముందు ప్రాణం కుదుటపడింది. మళ్లీ వెనక్కి తిప్పి విన్నాను. నా ఊపిరి కూడా లేదు. గాజులు సర్దుకున్నప్పుడు కచ్చితంగా చప్పుడయింది, అదీ లేదు. ఏడుగురి గొంతులూ ఉన్నాయి, దూరంగా, చిన్నగా, చక్కగా. కాని ఒకరికంటే ఒకరు ఆలస్యంగా రావడం లేదు. గోడవారన కూర్చున్న చిట్టినాయుడూ, నా మోకాలి దగ్గరున్న సన్నాసమ్మా ఒకే దూరంలో ఉన్నట్టున్నారు. నేను కూర్చున్న చోట మనిషే లేనట్టుంది.

ఆమె నాతో అన్న మాట కూడా లేదు.

నాలుగో కాగితం. శుద్ధ సప్తమి.

అన్నం పెట్టాక మా ఆయన్ని అడిగాను. చినత్తా, మీరు పెంచిన మనిషి, మీకు తెలుసు, అబద్ధం ఆడి నిలబడలేరు. కంచంలో చెయ్యి పెట్టి కూర్చుండిపోయారు. తర్వాత అంతా చెప్పారు.

కార్డుకి మొదట చచ్చిపోయింది మూడో నోరట. చైత్రంలోనే. మూడో మైకు ముందు మాట్లాడే మనిషి ఉంటాడు, స్క్రీను మీద గీత లేవకపోతే అందరికీ కనిపిస్తుంది. అందుకని నోళ్లన్నిటికీ అంకెలు మార్చేసి, చచ్చిన నోటిని ఎనిమిదోదిగా చేశారు. ఎనిమిదో నోటి దగ్గర పొక్కులు లేచాయని నేను రోజూ రుద్దుతున్నది శవాన్నట. ఎలాగూ నేను మాట్లాడను కదా. ప్రతి రికార్డు అయ్యాక మిగతా ఏడు చానెళ్లనీ తగ్గించి, కలిపి, నా చోట పెట్టేవారు. అందులో ఉండేది పొరుగు చప్పుడే గదా, అంతా దూరంగా వినబడితే చాలనుకున్నారట.

చైత్రం నుంచి పదకొండు రికార్డులు. మూడు పెళ్లిళ్లు, రెండు దత్తతలు, మిగతావి వాటాలు.

ఆయన చెడ్డవారు కాదు. కొత్త కార్డు కోసం కొండమీదికి రెండుసార్లు రాయించారు. అవి చేసేవాళ్లెవరూ ఇప్పుడు లేరని జవాబొచ్చింది. చెబితే గది మూసేస్తారు. పక్క రికార్డింగు గది పడవ మీద మూడు రోజుల దూరం. ఏడుగట్ల జనానికి పెళ్లి లేదు, పంపకం లేదు, చివరి మాట లేదు. అందుకే దాచానన్నారు.

"నీ పీటయితే ఎవులూ సూడరనుకున్నాను," అన్నారు.

నాకు కోపం రాలేదు. ఆ మూడు నెలలూ నేను ఊపిరి బిగబట్టి కూర్చున్న మధ్యాహ్నాలన్నీ గుర్తొచ్చాయి, అంతే. చెమట కంట్లోకి దిగినా తుడుచుకోలేదు నేను.

అయిదో కాగితం. శుద్ధ దశమి.

కచేరీ నుంచి కబురొచ్చింది. పున్నమి రోజున పరీక్షాధికారి వస్తారు. ఎనిమిదో చానెల్ విప్పుతారు.

పారమ్మ వచ్చింది. మా పలకల గుడ్డ తనే తీసుకుని కప్పెక్కి తుడిచేసింది, వద్దన్నా వినలేదు. దిగాక గుమ్మంలో కూర్చుంది. మొహం చిక్కిపోయింది. గుడారాలకి వెళ్లాల్సి వస్తే ఏమేం పట్టుకెళ్లాలో మూట కట్టుకుని ఉంచిందట. సన్నాసమ్మ చీర ఒకటి, చెంబు ఒకటి.

"ఆవిడేటందో నానడగను అప్పా. అడక్కూడదని తెలుసు," అంది. "ఒక్కటే సెప్పు. నొప్పిలోన అందా, నెమ్మదిగా అందా?"

నేను జవాబు చెప్పలేదు. పద్ధతి కాదు. దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ పట్టుకోవడంలోంచి అది ఏదో జవాబు తీసుకుంది. లేచి, కళ్లు తుడుచుకుని, గుడ్డ పిండిన నీళ్లు ఏ కుండలో పోయాలో అడిగి వెళ్లిపోయింది.

సాయంత్రం మా ఆయన కంప్యూటర్ ముందు నన్ను కూర్చోమన్నారు. దాని ఎదురుగా ఎప్పుడూ కూర్చోలేదు నేను. సన్నాసమ్మ కిందటేడు ఎవరి పెళ్లికో సాక్షిగా వచ్చి గంటసేపు మాట్లాడిందట. ఆ గొంతు ఇంకా కంప్యూటర్‌లో ఉంది.

"ఒక్క మాటేనే. పారమ్మకే, అని. అది సేసి ఎనిమిదోదాన్లోన ఎడితే ఆ గుంట బతికిపోద్ది. మనవూ బతికిపోతాం. దొంగపని కాదు. ఆవిడన్న మాటే కదా పెడతన్నాం. నువ్వు ఇన్నావు కదా?"

నేను పలకలేదు. పలకకపోవడాన్ని ఆయన ఔననే అనుకున్నారు.

చెయ్యి మీట మీదికి వెళ్తుంటే మాత్రం వద్దన్నాను. పెళ్లయ్యాక ఆయనతో అన్న మొదటి వద్దు అదే. ఆయన చెయ్యి అక్కడే ఆగింది.

"ఈ గదిలోన కూడా అదే సేత్తే, ఇంక ఈ గదెందుకు?" అన్నాను.

ఆయన కంప్యూటర్ ఆపేశారు. మరి ఆ గుంట సంగతేంటని అడిగారు. నాకు తెలియదన్నాను. నిజంగా అప్పటికి నాకు తెలియదు.

ఆరో కాగితం. పున్నమి.

పరీక్షాధికారి పేరు తిలకవతి. మీ వయసుంటుంది. పడవ దిగినప్పటి నుంచి గదిలో అడుగు పెట్టేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. గదిలోకి వచ్చాక చెప్పులు విడిచి, నాలుగు మూలల్లోనూ నిలబడి చిటికె వేసి విన్నారు. మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి ఎనిమిదోది విప్పారు.

సగం కూడా వినలేదు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది మైకులో పడింది కాదు. ఏడింటిని కలిపి చేసింది," అన్నారు.

ఆవిడ గొంతు హెచ్చించలేదు. మా ఆయన లేచి తల వంచుకుని, చైత్రం నుంచి జరిగినదంతా చెప్పేశారు. నాకు చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించకుండా. బయట నిలబడ్డవాళ్లలో పెళ్లి రికార్డు చేయించుకున్నవాళ్లు ఉన్నారు. ఒకామె మెడలో తాళి పట్టుకుని ఏడ్చింది. చిట్టినాయుడు కండువా దులిపి, ఇంక పేరే లేనప్పుడు వాటా రక్తానిదే కదా అన్నాడు. తిలకవతిగారు ఔనని తలూపబోయారు.

పారమ్మ గుమ్మం అవతల నిలబడి, తలుపు చెక్క మీది ఉప్పుని గోటితో గీస్తోంది.

నేను లేచాను. ఎప్పుడు లేచానో తెలియదు. గోడ పట్టుకున్నాను. మీరు ఒకసారి చెప్పారు, ఎనిమిదో చానెల్ చెడిపోతే పీట మీది మనిషి నోటిని కచేరీ ఒక్కసారి అడగవచ్చని, ఆ నోరు తెరిచాక ఆ మనిషి మళ్లీ పీట ఎక్కకూడదని. పీట మీది మీ ఇరవయ్యారేళ్లలో ఒక్కరినీ అడగలేదని కూడా చెప్పారు.

తిలకవతిగారు నన్ను చూశారు.

"ఆ పీట మీద కూర్చున్నది మీరేనా అమ్మా?"

తలూపాను. నోటితో చెప్పాలన్నారు. నేనేనండీ అన్నాను.

"ఆమె మీ వైపు తిరిగి ఏమన్నారు?"

"పారమ్మకే, అని అన్నాదండి."

నా మాట నాకే వినిపించలేదు. ఆవిడ చెయ్యి చెవి వెనక పెట్టుకుని మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను, గదంతా వినబడేలా.

చిట్టినాయుడు నన్ను చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. అతను తల తిప్పి అధికారితో అన్నాడు, "ఎప్పుడూ నోరిప్పని మనిసండి. అబద్దవెందుకు సెప్తాది? ఒగ్గేయండి." కండువా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

వాటా పారమ్మ పేర రాశారు. కార్డుని మైనపు గుడ్డలో చుట్టి, ముద్ర వేసి తీసుకుపోయారు. గది మూసేశారు. మా ఆయన ఇంక జన్మలో రికార్డు చేయకూడదు. మిగతా పది కుటుంబాలనీ ఒక్కొక్కరినే పడవ మీద పక్క గదికి తీసుకెళ్లి మళ్లీ చేయించి తీసుకురావాలి. రేపే మొదటి పడవ.

ఒకటి గమనించాను చినత్తా. ఆ గదిలో నేను మాట్లాడింది ఆ ఒక్కసారే. అప్పటికి కార్డు నుంచి మైకుల వైర్లు ఊడదీసేశారు. నా గొంతు ఏ మైకులోనూ పడలేదు.

ఏడో కాగితం. బహుళ తదియ.

ఉప్పుబండి రేపు బయలుదేరుతుంది. మా ఆయన పడవ మీద వెళ్లారు. పారమ్మ రోజూ వచ్చి నాకు ఒక చెంబు నీళ్లు పెట్టి వెళ్తోంది, తన వాటాలోంచి. వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది. ఆ నీళ్లు తాగడం నావల్ల కావడం లేదు. నిన్నటిదీ మొన్నటిదీ పెద్ద కుండలో పోసేశాను. ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పలేను. మీరూ ఆ పీట మీద కూర్చున్నవారు.

సన్నాసమ్మ పారమ్మ పేరు చెప్పలేదు. ఎవరి పేరూ చెప్పలేదు.

"అమ్మా, కాసిన్ని నీళ్లియ్యవా," అంది.

నా వెనక చేతికందే దూరంలో కూజా ఉంది. నేను కదిలితే రికార్డు చెల్లదు. మళ్లీ మోసుకొచ్చి చేయించే ఓపిక ఆవిడకి లేదు. రికార్డు చెల్లకపోతే ఆవిడ పెంచిన పిల్ల గుడారాల పాలవుతుంది. ఇదంతా ఆ ఒక్క క్షణంలో ఆలోచించానని చెప్పలేను. మీరు చెప్పిన మాటే తలలో ఉంది. కదలకూడదు. ఆవిడ నా కళ్లలోకి చూస్తూనే ఉంది. నేను చూపు తిప్పుకోలేదు, చెయ్యి చాచలేదు. మూడో కాగితంలో దగ్గు అని రాశాను కదా, అది దగ్గు కాదు, ఏడుపు. రికార్డు ముగించి ఫైలు మూసేసరికి ఆవిడ నోరు మూతపడింది. ఆ తర్వాత చెంచాతో పోస్తే పెదాల పక్కనుంచి కారిపోయాయి.

ఏ రికార్డు చెడుతుందని నేను కదల్లేదో ఆ రికార్డు అసలు జరగనే లేదు. నా మైకు వైరుకి అవతల ఏమీ లేదు. నేను లేచి, నీళ్లిచ్చి, పైటతో మూతి తుడిచి మళ్లీ వచ్చి కూర్చున్నా ఎనిమిదో చానెల్లో ఏమీ మారేది కాదు.

వాటా ఆ పిల్లకే ఇవ్వాలని ఆవిడ మా పెరటి గోడ మీదుగా నాతో నూరుసార్లు అంది. ఆ మాటలో నాకు సందేహం లేదు. కాని గదిలో అనలేదు. మెషీన్ చేత ఆ మాట పలికిస్తానంటే మా ఆయన్ని వద్దన్నాను. అయిదు రోజులకి అదే మాటని ఆవిడ నోట్లో నేను పెట్టాను, నా నోటితో. ఆయన చేసుంటే పట్టుబడేవారు. నన్ను ఎవరూ పట్టుకోలేరు, ఎప్పుడూ మాట్లాడని దాన్ని కాబట్టి. ఈ రెండు పనుల్లో తేడా ఎక్కడుందో మీకు తెలిస్తే చెప్పండి. జవాబు రాయొద్దు. ఎప్పుడైనా ఈ గట్టు దిక్కు వస్తే చెప్పండి.

ఆవిడ అడిగిన మాటని వాటా మాటగా మార్చేశాను. ఇంక ఆవిడ దాహం అడిగినట్టు ఈ లోకంలో ఎక్కడా లేదు, ఈ కాగితం మీద తప్ప. ఇది ఎవరి చేతిలోనైనా పడితే పారమ్మ వాటా పోతుంది. అందుకని, పొయ్యి రాజేసే ముందు ఒక గ్లాసు నీళ్లు పొయ్యిగట్టు మీద పెట్టి, సన్నాసమ్మ పేరు ఒక్కసారి పైకి అనండి. కొండమీద మీకు నీళ్లకి కరువు లేదు కదా. అన్నాక ఈ ఏడు కాగితాలూ కాల్చేయండి. ఉప్పు పట్టినవి, ఒకపట్టాన అంటుకోవు. అంటుకునేదాకా దగ్గరే కూర్చుని, ఒక్క ముక్క మిగలకుండా కాల్చేయండి.